వాలు కమానూ, తిరగబడిన రేకూ

1995 ఫిబ్రవరి మొదటి వారంలో నన్ను శంషాబాద్ సబ్‌డివిజన్ ఆఫీసుకు బదిలీ చేశారు. హోదా డ్రాఫ్ట్స్‌మన్, రెండో గ్రేడు. మా రోడ్లు, భవనాల శాఖలో పని నడిచే తీరు ముందు చెప్పాలి. సెక్షన్‌కు ఒక ఏ.ఈ., అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఉంటాడు. రోడ్ల మీదా వాగుల్లోనూ తిరిగి కొలతలు తెచ్చేది ఆయనే. ఆయన పైన డి.ఈ., ఆ పైన ఈ.ఈ. ఏ.ఈ. తెచ్చిన కొలతల్ని ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గీసి, అమ్మోనియా ప్రింటు తీసి ఇవ్వడం మా పని. డ్రాఫ్ట్స్‌మన్ సైటుకు పోయే ఆనవాయితీ లేదు. అందులో ఆడమనిషి అయితే అడిగే ప్రశ్నే లేదు. పదకొండేళ్ల సర్వీసులో అప్పటికి నేను గీసిన వంతెనలు ఇరవైకి పైనే ఉంటాయి. కట్టేటప్పుడు చూసింది ఒక్కటీ లేదు.

నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. మా ఊళ్లో ఆడపిల్లలకు పెద్ద బడి లేదు. మా నాన్న రాతిపని మేస్త్రీ, ఆదివారాలు మా చిన్న చర్చిలో పెద్ద. బైబిలు చదివించి తెలుగు నేర్పాడు. రాళ్లు కొలిపించి లెక్కలు నేర్పాడు. వృత్తం అంటే ఏమిటో నాకు బండి చక్రం పట్టా వేసేటప్పుడు తెలిసింది, పుస్తకంలో చూసింది ఆ తర్వాతే. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసై, ట్రేసరుగా ఈ శాఖలో చేరాను. ఆ మనిషిని నాకు తండ్రిగా ఇచ్చినందుకు దేవునికి ఈనాటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

శంషాబాద్ నుంచి కొత్వాల్‌గూడ వైపు పోయే చిన్న రోడ్డులో ఒక వాగు మీద పాత రాతి వంతెన ఉండేది. రెండు కమాన్లు, పక్కపక్కన. అంతకు ముందటి వానాకాలంలో వాటిలో ఒకటి కూలింది. రెండోది చెక్కుచెదరలేదు. రోడ్డు తెగడంతో బస్సు ఆగిపోయింది. జనం చెప్పులు చేతిలో పట్టుకుని వాగులో దిగి దాటేవారు. ఈ.ఈ. గారు వచ్చి చూసి, పాత వంతెననే బాగుచేయడానికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. పడిన రాళ్లు వాగులోనే ఉన్నాయి కాబట్టి వాటితోనే కమాను మళ్లీ కట్టాలి. మృగశిర కార్తె వానలు మొదలయ్యే లోపు అది తన కాళ్ల మీద నిలబడాలి. లేకపోతే నిలిచి ఉన్న రెండో కమాన్ని కూడా తీసేసి సిమెంటు తూములు వేస్తారు. తూములకు ముళ్లకంపా చెత్తా అడ్డం పడితే నీళ్లు రోడ్డెక్కుతాయి. ఆ సంగతి వాగు దాటే వాళ్లందరికీ తెలుసు.

అది మామూలు కమాను కాదు, వాలు కమాను. వాగు రోడ్డుకు అడ్డంగా రాకుండా ఏటవాలుగా వస్తుంది. మామూలు కమానులో రాళ్ల వరుసలు పక్క గోడలకు సమాంతరంగా పోతాయి. ఏటవాలు వంతెనలో కూడా అలాగే పేరిస్తే మూలల దగ్గర రాళ్ల బరువుకు కింద గోడ దొరకదు. గాలిలోకి తోసుకుని రాలిపోతాయి. అందుకని ఆ వరుసల్ని రోడ్డు అంచుకు లంబంగా వచ్చేటట్టు తిప్పుతారు. వంపు మీద అలా తిప్పిన వరుస మరమేకు మీద చుట్టులాగా మెలికపడుతూ ఎక్కుతుంది. కమానులో ప్రతి రాయికీ ఆ మెలిక కొంచెం ఉంటుంది, తడిసి ఎండిన చెక్క పలకకు వచ్చే వంకరలాగ.

ఆ లెక్క నా చేతికి రావడం నా భాగ్యం. మెలిక తిరిగిన గీతను కాగితం మీద ఎలా గీయాలన్నదే అసలు చిక్కు. అప్పడాల కర్ర చుట్టూ ఒక కాగితం చుట్టి చూస్తే సంగతి తెలిసింది. కాగితం పరిచి ఉన్నప్పుడు గీతలు తిన్నగానే గీయాలి. చుట్టగానే అవే మెలి తిరుగుతాయి. నేను ఆ కాగితం చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం, నవ్వుకోవడం. స్టవ్ మీద పెనం కాలిపోతోంది. మా ఆయన వచ్చి, “ఇవాళ తినేది చపాతీలా, వంతెనా?” అన్నారు. ఇద్దరమూ అన్నమే తిన్నాం. ఆ రోజు ప్రార్థనలో కూర్చుంటే కళ్ల ముందు గీతలే తిరిగాయి. దేవుడు తన లోకంలో ఇంత చక్కని సంగతి దాచి పెట్టాడని ఆనందం పట్టలేకపోయాను.

కమాను కట్టాలంటే ముందు దాని ఆకారంలో చెక్క దిమ్మ నిలబెట్టాలి. దాన్నే సెంట్రింగ్ అంటారు. ఆ చెక్కల మీద గీతలు గీస్తే మేస్త్రీ ఆ గీతల వెంట రాళ్లు పేరుస్తాడు. గీతల వాలు తప్పకుండా ఉండాలని కాటేదాన్‌లో ఒక రేకు షెడ్డులో ముక్కోణం ఆకారంలో రేకు ఫర్మా ఒకటి కోయించాను. చెక్క అంచుకు ఆనించి గీత లాగితే వాలు వచ్చేస్తుంది. అయితే రేకుకు రెండు వైపులున్నాయి. ఒక వైపు పైకి పెడితే గీత కుడికి వాలుతుంది, తిరగేస్తే ఎడమకు. అందుకని పైకి ఉండాల్సిన వైపు ఎర్ర రంగుతో చుక్క పెట్టాను.

అప్పుడే మా సెక్షన్ ఏ.ఈ. సుధాకర్ గారు నిలిచి ఉన్న కమాను కిందికి పోయి, అందులోని వరుసల్ని చూసి బొమ్మ గీసి తెచ్చారు. ఆయన కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు, మంచి శ్రద్ధ గలవాడు. ఆ బొమ్మను నా అప్పడాల కర్ర కాగితం పక్కన పెడితే వాలు సరిగ్గా అవతలి పక్కకు ఉంది. సైటులో కళ్లతో చూసి గీసినది తప్పవుతుందా? వంటింట్లో చుట్టినదే తప్పయి ఉండాలనుకున్నాను. బ్లేడుతో ఎర్ర చుక్క గీకేసి, రేకు తిరగేసి, రెండో వైపు కొత్త చుక్క పెట్టి పంపించాను.

మే నెల నడిమికి సెంట్రింగ్ లేచింది. మూడు వరుసలు పడ్డాయన్నారు. నాలుగో రోజు సుధాకర్ గారు ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. “మేడం, మేస్త్రీ రాళ్లు కూర్చోవడం లేదంటున్నాడండి. చెక్కి సరిచేస్తానంటున్నాడు. మీరొకసారి వస్తారా?” అన్నారు. డి.ఈ. గారిని అడిగాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, “జీపు తీసుకెళ్లండి” అన్నారు. పదకొండేళ్లకు నా మొదటి సైటు!

జీపు దిగేసరికి వాగు ఇసుకలో రాళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి. అరవై దాటిన పెంటయ్య మేస్త్రీ ఒక రాయి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో ఉలి, సుత్తె. వడ్రంగి ఖాసీం భాయ్ సెంట్రింగ్ మీద నిలబడి, నేను వాగులోకి దిగేదాకా కూడా ఆగలేదు.

“నా గీతలు చూసుకో మేడం. మీ ఎర్ర చుక్క పైకే పెట్టి గీసిన. ఒక్క నూలు తప్పితే నా గడ్డం తీసేస్త.”

“నీ గడ్డం ఎవనిక్కావాలె ఖాసీం భాయ్? అది తీస్తే కమాన్ నిలవడ్తదా?” అని పెంటయ్య నా వైపు తిరిగాడు. “రాయి కూసుంటలేదమ్మా. ఈ దిక్కు ఆనితే ఆ దిక్కు లేస్తది. కల్లు తాగినోని లెక్క ఊగుతున్నయ్. మూడు వరుసలు సున్నం గచ్చు ఎక్కువ పెట్టి ఎట్లనో పరిచిన. ఇగ నాతోని కాదు. జర అంచులు చెక్కితే కూసుంటయ్.”

తర్వాత గొంతు తగ్గించాడు. “యాభై ఏండ్ల సంది రాయి పని చేస్తున్న. నా చెయ్యే పోయిందో ఏందో. కొడుకులు ఇంట్ల కూసోమంటున్నరు.”

ఆ రాళ్ల మెలిక మీద వేలు పెట్టి చూశాను. పాతకాలపు పనివాడు ఒక్కొక్క రాయికీ ఎంత ఓపికతో ఆ మెలిక తెచ్చాడో. ఒకసారి దాన్ని చెక్కి చదును చేస్తే మళ్లీ రాదు. అవి పోతే కొత్తవి చెక్కించే వ్యవధి లేదు. తూములు వచ్చేసినట్టే.

“మేస్త్రీ, ఒక్క గంట ఆగు” అన్నాను.

“గంటేంది బిడ్డా, మూడు రోజుల సంది ఆగిన. ఇంకో గంటకు ఏమైతది!” అన్నాడు కానీ ఉలి మాత్రం కింద పెట్టలేదు.

నిలిచి ఉన్న కమాను కిందికి పోయి తల ఎత్తి చూశాను. వరుసలు ఒక పక్కకు వాలి ఉన్నాయి. చీర కుచ్చిళ్లు చేతపట్టి నిచ్చెన ఎక్కి సెంట్రింగ్ మీద ఖాసీం గీతలు చూశాను. అవీ అదే పక్కకు వాలి ఉన్నాయి. దిగాను. మళ్లీ చూశాను. మళ్లీ ఎక్కాను. సుధాకర్ గారు చూసి “రెండూ ఒకటేనండి” అన్నారు. ఖాసీం “ఒకటే!” అన్నాడు. పెంటయ్య తల వంచి ఒకసారి, ఎత్తి ఒకసారి చూసి, “ఒకటే ఉన్నయ్, గదే కదా నా పరేషాన్!” అన్నాడు. అందరం తలలు ఎత్తీ దించీ కొక్కెరల్లా తయారయ్యాం. నాకైతే మెడ పట్టేసింది.

ఇంక తల ఎత్తలేక కమాను కింద పొడి ఇసుకలో వెల్లకిలా పడుకున్నాను. ఆఫీసులో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారన్న ఆలోచన వచ్చింది, పోయింది. ‘ప్రభువా, నాకు బుద్ధి లేకపోతే ఇక్కడ ఇంకెవరికైనా ఇయ్యి, రాళ్లు మాత్రం కాపాడు’ అని మనసులో అనుకున్నాను.

పైన ఒక రాతి సందు వెంట చీమల బారు పోతోంది. వాగు నీళ్లు వచ్చే పై దిక్కు అంచున సందులో దూరి, ఆ వరుస వెంబడే నడుస్తూ, కింది దిక్కుకు వచ్చేసరికి శంషాబాద్ ఒడ్డు వైపుకు జరిగిపోతోంది. ఎంత శ్రద్ధగా పోతున్నాయో! వాటికి తల పైకా కిందికా అన్న గొడవ లేదు. అవి ఏ ఒడ్డుకు పోతున్నాయన్నదే లెక్క.

ఏ ఒడ్డుకు?

లేచి కూర్చున్నాను. ఇసుక దులుపుకోవడం కూడా మర్చిపోయాను. “మేస్త్రీ, నువ్వు ఈ కమాను కింద పై దిక్కు నుంచి ఒక సందు పట్టుకుని, దాని కిందనే నడువు. ఖాసీం భాయ్, నువ్వు సెంట్రింగ్ నెత్తిన పై దిక్కు నుంచే ఒక గీత మీద కాలు పెట్టి నడువు. గీత ఎటు పోతే అటే పోవాలి. ఇద్దరూ ఒక్క ఒడ్డుకే రావాలి” అన్నాను.

పెంటయ్య కర్ర పైకెత్తి సందుకు చూపిస్తూ బయల్దేరాడు. పైన ఖాసీం చేతులు చాపి, తాడు మీద నడిచేవాడిలా అడుగులో అడుగు వేశాడు. కూలీలందరూ పనులు వదిలి వచ్చి నిలబడ్డారు. నాలుగు అడుగులు పడ్డాయి. పెంటయ్య శంషాబాద్ వైపుకు జరిగాడు. ఖాసీం కొత్వాల్‌గూడ వైపుకు జరిగాడు!

“ఓ ఖాసీం భాయ్, ఎటు పోతున్నవ్?”

“గీత ఎటు తీస్కపోతే అటు! నువ్వెటు పోతున్నవ్ ముసలోడా?”

“నేను బజారుకు పోతున్న, నువ్వు దర్గాకు పోయి మొక్కుకో!”

కూలీలు ఒకటే నవ్వు. నాకు అప్పుడు తెలిసింది. తల ఎత్తి చూసి గీసిన బొమ్మ, తల దించి చూసే గీతకు అద్దంలో బొమ్మలా ఎదురవుతుంది. కింద నుంచి కుడికి వాలినట్టు కనిపించేది పైనుంచి ఎడమకు వాలాలి. మేము నలుగురమూ చూసి “ఒకటే” అనుకోవడమే తప్పుకు సాక్ష్యం. గీత రోడ్డు అంచును ఏ కోణంలో తాకుతోందో చూసుకున్నా అప్పుడే దొరికేది. అది ఎవరికీ తట్టలేదు. సుధాకర్ గారి బొమ్మ తప్పు కాదు, నా అప్పడాల కర్రా తప్పు కాదు. ఆయన కింద నిలబడి గీశారు, నేను పైనుంచి గీశాను. ఆ సంగతి ఆయన రాయలేదు, నేను అడగలేదు. ఒప్పుగా ఉన్న చుక్కను నా చేత్తోనే గీకి పారేశాను.

“తప్పు నాదే మేస్త్రీ. రేకు తిరగేసి పంపించిన. నీ చేతిలో లోపం లేదు” అన్నాను.

పెంటయ్య నన్ను తిట్టలేదు. రెండు క్షణాలు నా మొహం చూశాడు. “నా చెయ్యి పోలేదన్నట్టు!” అన్నాడు. తర్వాత గట్టిగా, అందరికీ వినపడేటట్టు, “అరేయ్, నా చెయ్యి పోలే! కాగితమే ఉల్టా ఉన్నది!” అని అరిచి, నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడ్డాడు. ఉలి ఎటో దొర్లింది. ఖాసీం పైనుంచి గడ్డం నిమురుకుంటూ, “చుక్క మేడంది, గీత నాది, నా గడ్డం బచాయించుకున్న” అన్నాడు. సుధాకర్ గారు “క్షమించాలండి, బొమ్మ మీద ఒక్క ముక్క రాసి ఉంటే...” అంటూనే నవ్వడం మొదలుపెట్టారు. నాకూ నవ్వొచ్చింది. సిగ్గూ, సంతోషమూ, మెడనొప్పీ కలిసి వచ్చిన నవ్వు. ఆగలేదు.

ఎర్ర చుక్క కిందికి పెట్టి ఖాసీం ఒక మూల రెండు గీతలు లాగాడు. పెంటయ్య తాను చెక్కబోయిన రాయిని ఇద్దరి చేత ఎత్తించి, గచ్చు లేకుండా ఊరికే పెట్టించాడు. రాయి టక్కుమని కూర్చుంది. వేలితో తోశాడు, కదల్లేదు. రెండో రాయి. అదీ కూర్చుంది. ఆ తర్వాత అక్కడ పిల్లల ఆటే అయింది. ఒక్కొక్క రాయి పెట్టడం, అందరూ కలిసి “కూసుంది!” అని అరవడం. సుధాకర్ గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తానూ ఒక రాయి పట్టారు. అది కూర్చుంటే అందరికన్నా పెద్దగా ఆయనే అరిచారు.

పరిచిన మూడు వరుసలూ విప్పారు. గచ్చు ఇంకా గట్టిపడలేదు కాబట్టి ఒక్క రాయీ చెడలేదు. దానికి నాలుగు రోజులు పోయాయి. ఈ లోపు ఈ.ఈ. గారి తనిఖీ వచ్చింది. పని ఎందుకు వెనకబడిందని అడిగారు. సుధాకర్ గారు గచ్చు గురించి ఏదో మొదలుపెట్టారు. నన్ను కాపాడాలని ఆయన తాపత్రయం. అది సరికాదనిపించి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను, చుక్క గీకిన సంగతితో సహా.

ఈ.ఈ. గారు సుధాకర్ గారిని నిలిచి ఉన్న కమాను కిందికి పంపి, తాను బూట్లతోనే సెంట్రింగ్ ఎక్కి గీత మీద నడిచారు. ఇద్దరూ ఒక్క ఒడ్డుకే వచ్చారు. ఆయన మళ్లీ వెనక్కి పోయి ఇంకోసారి నడిచారు. అవసరం ఉండి కాదని అందరికీ తెలుస్తూనే ఉంది.

దిగి వచ్చి, “ఈ బొమ్మ ఎక్కడ నిలబడి చూసి గీసినదో కాగితం మీద ఎక్కడైనా రాశారా?” అని నన్ను అడిగారు.

“రాయలేదు సార్.”

“అయితే రాయండి” అన్నారు. అంతే. మెమో ఇస్తారని వారం రోజులు ఎదురుచూశాను, రాలేదు.

మే ఆఖరుకు నడినెత్తిన చివరి వరుస పడి కమాను మూసుకుంది. ఇంక మిగిలింది సెంట్రింగ్ దించడం. దిమ్మ కింద బిగించిన చెక్క చీలల్ని కొంచెం కొంచెం కొట్టి వదులు చేస్తారు. అప్పుడు కమాను మొదటిసారి తన బరువు తాను మోస్తుంది. గచ్చు ఆరడానికి రెండు వారాలు ఆగాం. మృగశిర వచ్చేసింది. పడమట మబ్బు పట్టింది. వాగు పొంగితే చెక్క దిమ్మ కొట్టుకుపోతూ కమాన్ని కూడా కదిలిస్తుంది కాబట్టి ఇంక ఆగడానికి లేదు.

ఆ వేళ నేను మళ్లీ జీపులో పోయాను. ఈసారి నేను అడగలేదు, డి.ఈ. గారే పంపించారు.

రాతిపని వాళ్లలో ఒక పద్ధతి ఉంది. చీలలు కొట్టేటప్పుడు కమాను కట్టిన మేస్త్రీ దాని కిందనే నిలబడాలి. మా నాన్న నిలబడేవాడని విన్నాను, చూడలేదు. పెంటయ్య తలకు తువ్వాలు చుట్టుకుని పోయి కమాను కింద ఒక పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి చెయ్యూపాడు.

“కాగితం నీదే కదా బిడ్డా, నువ్వు గూడ రా!”

పోయి పక్కన నిలబడ్డాను. సుధాకర్ గారు “బొమ్మ నాదండి” అంటూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆ వెనక ఒక కూలీ, ఇంకో కూలీ. ఖాసీం సుత్తె పట్టుకుని చూశాడు. “అందరు కిందనే నిలవడ్తే, రేపు ఊరోళ్లకు ఏం చెప్పాలె నేను? జర జాగా ఇయ్యున్రి, చీలలు గీడనే ఉన్నయ్!”

అందరం నవ్వుతుండగానే అతను మొదటి చీల కొట్టాడు. రెండోది. మూడోది. పైన ఎక్కడో చెక్క కిర్రుమంది. దిమ్మకూ రాళ్లకూ నడుమ సన్నని వెలుతురు గీత కనిపించింది, ఒక అంచు నుంచి మొదలై రెండో అంచు దాకా పాకింది. కమాను ఒక నూలంత దిగి ఆగింది. ఇసుక కొంచెం రాలి నా తల మీద పడింది. రాయి ఒక్కటీ కదల్లేదు. పెంటయ్య చెయ్యి చాపి ఒక రాయిని తట్టి, “కూసున్నది” అన్నాడు, ఈసారి మెల్లగా. నేను కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పాను. తెరిచేసరికి ఖాసీం ఆకాశానికి చేతులు చాపి తన ప్రార్థన తాను చేసుకుంటున్నాడు.

సాయంత్రానికి చెక్కంతా ఒడ్డుకు చేరింది. మూడో రోజు వాన పడింది. వాగు రెండు కమాన్ల కింద నుంచీ నిండుగా పోయింది. ఆ నెలాఖరుకు బస్సు మళ్లీ మొదలైంది.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు పనిచేశాను. రెండు వైపుల నుంచి చూడగలిగిన దేన్ని గీసినా, మూల ఒక పంక్తి రాశాను: కింద నిలబడి పైకి చూసినది, లేదా పైన నిలబడి కిందికి చూసినది. ఎవరైనా బొమ్మ తెచ్చిస్తే, గీత పట్టుకునే ముందు వాళ్లు ఎక్కడ నిలబడి చూశారో అడిగాను. నా లెక్కా ఇంకొకరి బొమ్మా ఎదురెదురుగా వస్తే, రెండింటిలో ఒకటి గీకేయడం మానేశాను. రెండూ ఒప్పే అయ్యే దారి ఉందేమో ముందు చూశాను. కొత్తగా చేరిన ట్రేసర్లకు నేర్పింది ఒకటే. పనివాడు రాయి కూర్చోవడం లేదంటే ముందు మన కాగితాన్ని అనుమానించాలి. కాగితం మీద తప్పు బ్లేడుతో పోతుంది. ఉలి తగిలిన రాయికి పోయిన అంచు మళ్లీ రాదు.